పెల్లెట్ పక్కకు పోతోంది: తప్పు అబ్బాయిదా, స్కోప్‌దా, నా కంటిదా?

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమెకు 47 ఏళ్లు. పద్నాలుగేళ్ల కొడుకుతో కలిసి ఏడాది క్రితం ఎయిర్ రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒకటే రైఫిల్. బారెల్ వంచి పెల్లెట్ పెట్టే స్ప్రింగ్ రకం, 4.5 మిల్లీమీటర్లది. 10 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ మీద సాధన. మొదట ఓపెన్ సైట్‌తోనే (అద్దాలు లేకుండా, రైఫిల్ మీదే ఉండే వెనక గాడి, ముందు మొనలతో) కాల్చారు కానీ ఆమెకు సైట్లు మసకగా కనిపించేవి. అది చూసి ఒక బంధువు, తన పెద్ద రైఫిల్ మీద వాడిన పాత 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లది) ఇచ్చారు. అక్కడ మొదలైంది గొడవ. తను కాల్చినప్పుడు పెల్లెట్లు మధ్యలో పడతాయి. అబ్బాయి కాలిస్తే అవన్నీ ఒకేచోట గుత్తిగా పడతాయి గానీ, సెంటీమీటరు కిందకి, ఎడమకి. వాడి కోసం స్కోప్ మీద గురి సరిచేసే నాబ్ తిప్పితే ఆమె లెక్క తప్పుతుంది. పైగా నాబ్ నాలుగు క్లిక్కులు తిప్పితే ఏమీ కదలదు, ఇంకొన్ని తిప్పితే ఒక్కసారిగా గెంతుతుంది. పైకి, కిందకి మార్చే నాబ్ దాదాపు చివరికి వచ్చేసింది. ఒకరోజు ఓపిక నశించి "నువ్వే చాటుగా తిప్పి పాడు చేస్తున్నావు" అని అందరి ముందూ కొడుకుని కేకలేశారు. "నేను ముట్టుకోలేదమ్మా" అన్నాడు వాడు. అప్పటి నుంచి రేంజికి రావడం మానేశాడు. వచ్చే ఏడాది 10 మీటర్ల పోటీలో దిగాలని వాడి కోరిక. తోటి షూటర్లలో ఒకరు 6-24×50 స్కోప్ కొనమంటున్నారు, ఇంకొకరు స్కోప్ తీసి పారేయమంటున్నారు. "నా కళ్లు పోయాయా? కొత్త స్కోప్ కొనాలా? వాడిని మళ్లీ ఎలా తీసుకురావాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

* * *

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు మామూలుగా రాసి వదిలేశారు. మీ అబ్బాయి కాల్చిన పెల్లెట్లు "ఒకేచోట గుత్తిగా" పడుతున్నాయి అన్నారు. గురి కుదరని వాడి పెల్లెట్లు కాగితమంతా చెదిరిపోతాయి. నాబ్ చాటుగా తిప్పి ఉంటే మీ పెల్లెట్లు కూడా పక్కకు పోవాలి, కానీ మీవి మధ్యలోనే పడుతున్నాయి. చిన్న గుత్తి ప్రతిసారీ మధ్యకు పక్కన అదే చోట పడుతోందంటే కాల్చేవాడు బాగానే కాలుస్తున్నాడు, వాడి కన్ను మాత్రం స్కోప్ వెనక మీ కన్ను ఉన్న చోట లేదు. వాడు నాబ్ ముట్టుకోలేదన్న మాట నేను నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను, మీరే పరీక్షించి చూసుకోవచ్చు.

బండి నడిపేవారికి స్పీడోమీటర్ ముల్లు ఒక అంకె మీద కనిపిస్తుంది. పక్క సీట్లో కూర్చున్నవారికి అదే ముల్లు ఇంకో అంకె మీద కనిపిస్తుంది. ముల్లుకీ అంకెలకీ మధ్య కొంత ఎడం ఉండటమే దానికి కారణం. స్కోప్‌లోనూ ఇదే జరుగుతుంది. టార్గెట్ బొమ్మ, అడ్డం నిలువు గీతలు (క్రాస్‌హెయిర్ అంటారు కదా) లోపల ఒకే తలంలో పడితే మీరు ఎటు నుంచి చూసినా గీత అదే చోట ఉంటుంది. అలా పడకపోతే, కన్ను కాస్త పక్కకు జరగ్గానే గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. పెద్ద రైఫిల్ స్కోప్‌లను సాధారణంగా 100 గజాలకో, అంతకంటే ఎక్కువ దూరానికో సరిచేసి కంపెనీలోనే బిగించేస్తారు. మీరు కాల్చేది 10 మీటర్లకు.

ఆ తేడా ఎంతో చూడండి. 9 రెట్లకు తిప్పి పెట్టిన స్కోప్ వెనక మీ కన్ను మధ్య నుంచి ఒక్క మిల్లీమీటర్ జరిగితే, 100 గజాలకు సరిచేసిన స్కోప్‌లో 10 మీటర్ల దగ్గర గురి దాదాపు 8 మిల్లీమీటర్లు తప్పుతుంది. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్‌లో, కన్ను బాగా అంచుకు పోతే లెక్క ప్రకారం ఆ తప్పు 18 మిల్లీమీటర్ల దాకా వెళ్లొచ్చు. 10 మీటర్ల అంతర్జాతీయ టార్గెట్‌లో ఒక వలయానికీ తర్వాతి దానికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. అంటే మీ అబ్బాయికి వస్తున్న ఆ సెంటీమీటరు తేడా నాలుగు వలయాలు. వాడి ముఖం మీ ముఖం కంటే చిన్నది, మెడ పొడవు వేరు, చెంప ఆనించే చోటు వేరు. ఒక మిల్లీమీటర్ తేడా రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

పరీక్ష ఇలా చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని బారెల్ తెరిచి కళ్లారా చూసుకోండి. తర్వాత టార్గెట్ వైపు గురిపెట్టి, ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించండి. రైఫిల్‌ని ముట్టుకోకుండా స్కోప్‌లోంచి చూస్తూ తల మెల్లగా పైకి కిందకి, అటూ ఇటూ కదపండి. గీత టార్గెట్ మీద తిరుగుతుంటే మీరు వెతుకుతున్న దోషి దొరికినట్టే. ఆ తర్వాత మీరు ఐదు పెల్లెట్లు, అబ్బాయి ఐదు, మళ్లీ మీరు ఐదు, మళ్లీ వాడు ఐదు, ఒకే కాగితం మీద కాల్చండి. మధ్యలో ఎవరూ నాబ్ తాకకూడదు. నాలుగు విడతల్లోనూ మీవి మీ చోట, వాడివి వాడి చోట పడితే ఇక మాట్లాడుకోవాల్సింది ఏముంటుంది?

ఈ పరీక్షకు వాడిని ఎలా పిలుస్తారన్నది మీ ఇష్టం. మీకు రెండు దారులు ఉన్నాయి. "రా, ఎవరిది తప్పో తేల్చుకుందాం" అని పిలవవచ్చు. కానీ అలా పిలిస్తే వాడికి అది విచారణకు హాజరవడంలా ఉంటుంది. రాకపోవచ్చు, వచ్చినా బిగుసుకుపోయి కాలుస్తాడు. రెండో దారి, ముందే క్షమాపణ చెప్పడం: "నిన్ను అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. తప్పు స్కోప్‌దేమో అనిపిస్తోంది, నీ సాయం లేకుండా అది తేలదు." ఇది నిజం కూడా. ఇద్దరు లేకపోతే ఈ పరీక్షే లేదు. పద్నాలుగేళ్ల వయసులో నలుగురిలో పడిన మాట గట్టిగా తగులుతుంది. వీలైతే ఆ రోజు విన్న వాళ్లలో ఒకరిద్దరి ముందే "వాడిది తప్పు కాదు" అనండి. వాడు వెంటనే కరిగిపోతాడని నేను మాటివ్వలేను. కానీ పరీక్ష ఫలితం వచ్చాక చెప్పే క్షమాపణ కంటే, రాకముందే చెప్పింది వాడికి ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

ఇక మీ కళ్ల సంగతి. నలభై దాటాక దగ్గరి వస్తువుల మీద చూపు నిలిపే శక్తి తగ్గడం అందరికీ జరిగేదే. ఓపెన్ సైట్‌తో వెనక గాడి, ముందు సైట్, టార్గెట్ అనే మూడింటినీ ఒకేసారి చూడాలి. కన్ను ఒకదాని మీదే నిలవగలదు. మీకు మసక కనిపించింది అందుకే. స్కోప్ చేసే గొప్ప మేలు పెద్దగా చూపించడం అనుకుంటారు చాలామంది. మీ వయసు వాళ్లకు అంతకంటే పెద్ద మేలు, గీతా టార్గెట్టూ రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపించడం. కాబట్టి స్కోప్ పెట్టుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. దొరికిన స్కోప్ ఈ పనికి తయారైనది కాదు, అంతే.

మీరు ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే అది కూడా మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. ఆ అద్దంలో పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరికి. తల వంచి చెంప ఆనించినప్పుడు చూపు అద్దంలో ఎటు నుంచి పోతుందో ప్రతిసారీ మారుతుంది. షూటింగ్‌కి విడిగా దూరపు చూపు అద్దాలు చేయించుకోవచ్చేమో మీ కంటి డాక్టర్‌ని అడగండి. మీ కన్ను ఉండే వైపు తిరిగే ఐపీస్ రింగ్ ఉంటుంది చూడండి, అది గీతను స్పష్టంగా చేయడానికే. ఖాళీ గోడ వైపు చూస్తూ రెండు మూడు సెకన్లలో సరిచేయాలి. ఎక్కువసేపు చూస్తే కన్ను సర్దుకుపోయి మసకనే స్పష్టం అనుకుంటుంది. మీ సెట్టింగ్, అబ్బాయి సెట్టింగ్ వేరుగా ఉంటాయి. రెండు చోట్లా చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. ఇద్దరూ ఒకే స్కోప్ వాడే ఇంట్లో ఈ ఒక్క పనితో సగం చిరాకు తగ్గుతుంది.

నాబ్ వ్యవహారం వేరే సమస్య. నాలుగు క్లిక్కులకు ఏమీ కదలనట్టు అనిపించడంలో విచిత్రం లేదు. మీ నాబ్ మీద బహుశా ఒక క్లిక్కు 100 గజాలకు పావు అంగుళం అని రాసి ఉంటుంది. 10 మీటర్ల దగ్గర ఆ క్లిక్కు కదిపేది సుమారు 0.7 మిల్లీమీటర్. నాలుగు కలిపినా మూడు మిల్లీమీటర్లు దాటదు, అది గుత్తిలోనే కలిసిపోతుంది. సెంటీమీటరు జరపాలంటే దాదాపు 14 క్లిక్కులు తిప్పాలి.

కానీ "ఒక్కసారిగా గెంతడం" మాత్రం మంచి లక్షణం కాదు. నాబ్ చివరికి వచ్చేసింది అన్నారు కదా, మూలం అక్కడుంది. బారెల్ వంచే స్ప్రింగ్ రైఫిళ్లలో చాలావాటికి బారెల్ ముందుకు కాస్త వాలి ఉంటుంది. పెల్లెట్ కింద పడుతుంటే మీరు నాబ్‌ను పైకి, పైకి తిప్పుతూ పోయారు. లోపల గీతల గొట్టాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్ ఒకటుంది. నాబ్ పై చివరికి వచ్చేసరికి ఆ స్ప్రింగ్ సాగిపోయి పట్టు వదులవుతుంది. అప్పుడు గీత ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు, ఒకటి రెండు దెబ్బలు పడ్డాక జరుగుతుంది. దీనికి మందు నాబ్‌లో లేదు, మౌంట్‌లో (స్కోప్‌ను రైఫిల్‌కి బిగించే రింగుల అమరికలో) ఉంది. ఈ వాలును సరిచేసేలా వెనక వైపు ఎత్తు పెంచి చేసిన మౌంట్లు, లేదా వంపు మార్చుకోగలిగే మౌంట్లు దొరుకుతాయి. వెనక రింగ్ అడుగున సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క పెట్టి సర్దేవాళ్లూ ఉన్నారు. కాస్త తేడాకి పరవాలేదు గానీ మందంగా పెడితే స్కోప్ గొట్టం మీద ఒత్తిడి పడి వంగుతుంది. ముందు నాబ్‌ను మధ్యకు తెచ్చి, అప్పుడు మౌంట్‌తో దగ్గర చేసి, చివరి సర్దుబాటు మాత్రమే నాబ్‌తో చేయాలి.

మౌంట్ బిగించేటప్పుడు ఇంకో విషయం చూడండి. స్ప్రింగ్ రైఫిల్ ముందు వెనక్కి తంతుంది, లోపలి పిస్టన్ చివరికి చేరగానే ముందుకూ తంతుంది. పెద్ద రైఫిళ్ల స్కోప్‌లను వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా చేస్తారు. ఈ రెండు వైపుల కుదుపుకి లోపలి అద్దాలు, గీతలు వదులయ్యే ప్రమాదం ఉంది. అందుకే మీ బంధువు ఇచ్చినది ఎంత మంచి స్కోప్ అయినా ఈ రైఫిల్ మీద అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పడం కష్టం. ఆ కుదుపుకి మౌంట్ కూడా రైలు (రైఫిల్ మీద మౌంట్ బిగించే పట్టా) మీద వెనక్కి జరుగుతుంది. మౌంట్ అడుగున చిన్న పిన్ను, రైఫిల్ మీద దానికో గుంట ఉంటే అవి కలిసేలా పెట్టండి.

ఇప్పుడు దారులు.

ఈ స్కోప్‌తోనే సర్దుకోవడం ఒకటి. ముందు అద్దం మీద, మధ్యలో 15 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసిన నల్ల అట్టముక్క బిగించండి. వెలుగు తగ్గుతుంది, కానీ 18 మిల్లీమీటర్ల దాకా పోగల తప్పు 7 లోపుకి వస్తుంది, టార్గెట్ కూడా ముందుకంటే స్పష్టంగా కనిపిస్తుంది. దాంతోపాటు కన్ను మధ్యలో పెట్టడం నేర్చుకోవాలి. తల కాస్త వెనక్కి లాగితే చూపు చుట్టూ నల్లటి నీడ వలయంలా వస్తుంది. ఆ నీడ అన్ని వైపులా సమంగా ఉంటే కన్ను మధ్యలో ఉన్నట్టు. అబ్బాయికి చెంప కింద ఎత్తు చాలకపోతే తీసిపెట్టుకోగల మెత్త కట్టుకోవచ్చు. దీనికి పెద్దగా ఖర్చు లేదు. కానీ కుదుపుకి స్కోప్ పాడైతే బంధువుకి జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆ మొహమాటం కూడా లెక్కలోకి తీసుకోండి.

రెండోది, ఈ పనికి తగిన స్కోప్ కొనడం. మీ స్నేహితులు చెప్పిన 6-24×50 గురించి: ఆయన ఏ ఆట ఆడతారో అడిగారా? ఫీల్డ్ టార్గెట్ అనే పోటీలో సుమారు 8 నుంచి 50 మీటర్ల మధ్య ఎక్కడో ఉన్న లోహపు టార్గెట్ దూరాన్ని షూటరే తేల్చుకోవాలి. ఎక్కువ రెట్లు పెట్టి, ఫోకస్ ఎక్కడ స్పష్టమైతే ఆ అంకె చూసి దూరం కనిపెడతారు. వాళ్లకు 24 రెట్లు పనిముట్టు. 10 మీటర్లకు చేతులతో పట్టుకుని కాల్చే మీకు 24 రెట్లలో గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. గీత మధ్యకు రాగానే ట్రిగ్గర్ గబుక్కున లాగాలనిపిస్తుంది, ఆ టెన్షన్‌తోనే గుత్తి చెదిరిపోతుంది. పైగా అంత స్కోప్ బరువు మీ అబ్బాయి చేతుల మీద పడుతుంది.

నన్నడిగితే 3-9 గానీ 4-12 గానీ చాలు. రెట్ల కంటే ముందు చూడాల్సింది రెండు మాటలు. ఫోకస్ 10 మీటర్లకు లేదా అంతకంటే దగ్గరికి వస్తుందా? స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని తయారీదారు రాసి ఇచ్చారా? ముందు అద్దం చుట్టూ తిరిగే రింగ్‌తో గానీ, పక్క నాబ్‌తో గానీ దూరం సరిచేసుకునే రకం అయితే మీ ఇంటి గొడవకు మూలమైన పారలాక్స్ అక్కడే తీరుతుంది. ఆ రింగ్ మీద అంకెలను గుడ్డిగా నమ్మకండి. తల కదిపే పరీక్ష చేసి, గీత కదలని చోట గుర్తు పెట్టుకోండి. కొనేముందు రింగుల కొలత సరిచూసుకోండి. స్కోప్ గొట్టాలు ఎక్కువగా 25.4 లేదా 30 మిల్లీమీటర్లవి, ఎయిర్ రైఫిల్ రైలు చాలావరకు 11 మిల్లీమీటర్లది.

కొత్త స్కోప్ కొన్నా ఇద్దరి గుత్తులూ అచ్చంగా ఒకేచోట పడకపోవచ్చు. స్ప్రింగ్ రైఫిల్‌కి పట్టు చాలా ముఖ్యం. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒకచోట, వదులుగా చేతి మీద ఆననిస్తే ఇంకోచోట పడుతుంది. ఇద్దరూ ఒకేలా, వదులుగా పట్టుకోవడం సాధన చేయండి. అయినా మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా మిగిలితే నాబ్ తిప్పుకునే క్లిక్కులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, దాని మీద పోట్లాడకండి.

మూడోది, స్కోప్ తీసేయమన్న ఆయన మాట. మీ విషయంలో నేను ఒప్పుకోను. అబ్బాయి విషయంలో మాత్రం ఆలోచించాల్సిన మాటే. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం జరిగే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్ పెట్టనివ్వరు. అక్కడ పీప్ సైట్‌తో, నిలబడి కాలుస్తారు. టార్గెట్‌లో పది పాయింట్ల చోటు అర మిల్లీమీటర్ చుక్క. వెనక సన్నని రంధ్రంలోంచి చూస్తూ, ముందు సైట్‌లోని వలయంలో 30.5 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రాన్ని సమంగా ఇముడ్చుకోవడమే గురి. వాడు దిగాలనుకుంటున్న పోటీ నియమాలు ఇప్పుడే తెప్పించి చదవండి. అదే పోటీ అయితే ఏడాదంతా స్కోప్‌తో సాధన చేసి చివర్లో మారడం వాడికి చాలా కష్టం. మీ రైఫిల్‌కి పీప్ సైట్ అమరుతుందో లేదో కూడా చూడాలి. స్ప్రింగ్ రైఫిల్‌తో గురి, ఊపిరి, ట్రిగ్గర్ నేర్చుకోవచ్చు గానీ, కుదుపు దాదాపు లేని పోటీ రైఫిళ్ల పక్కన అది వెనకబడుతుంది. క్లబ్బులో వాడుకోవడానికి ఇచ్చే రైఫిల్ ఏదైనా ఉంటే కొనడం కంటే ముందు అది అడగండి.

పీప్ సైట్ మీరూ ఒకసారి కాల్చి చూడండి. సన్నని రంధ్రం దగ్గరా దూరం రెండింటినీ కొంత స్పష్టం చేస్తుంది కాబట్టి, ఓపెన్ సైట్ అంత మసకగా ఉండదు. నచ్చితే ఇద్దరూ ఒకే సైట్ మీద ఉండవచ్చు. నచ్చకపోతే స్కోప్ ఆట మీకోసం వేరే ఉంది. 25 మీటర్ల బెంచ్‌రెస్ట్‌లో రైఫిల్‌ను బల్ల మీద ఆనించి, స్కోప్‌తోనే పోటీ పడతారు. అటు వెళ్తే 10 మీటర్ల జీరో (గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసుకున్న సర్దుబాటు) అక్కడ పనిచేయదు. స్కోప్ బారెల్ కంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది, పెల్లెట్ దారి వంపు తిరుగుతుంది. దూరం మారిన ప్రతిసారీ మళ్లీ కాల్చి చూసుకోవాల్సిందే.

ఒకే రైఫిల్ మీద మీకు స్కోప్, వాడికి పీప్ సైట్ అనుకుంటే, వారం వారం ఒకటి తీసి ఒకటి పెట్టాల్సి వస్తుంది. పెట్టిన ప్రతిసారీ జీరో కొంత మారుతుంది. అప్పుడు ముందు ఐదు పెల్లెట్లు విడిగా ఒక కాగితం మీద కాల్చి సరిచూసుకున్నాకే లెక్కపెట్టుకునే పెల్లెట్లు మొదలుపెట్టండి. అలా మార్చడం విసుగనిపిస్తే, కొత్త స్కోప్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో వాడికి పాత పోటీ రైఫిల్ ఏమైనా దొరుకుతుందేమో వాడినే అడిగి చూడండి. ఏ పోటీకి వెళ్లాలన్నది వాడు తేల్చుకున్నాకే ఏదైనా కొనండి.